పద్నాలుగు సంతకాలు

పోస్టుమాస్టరు ఇంట్లోంచి మాయమై ఇరవై నాలుగు గంటలు దాటింది. ఆయన ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్ళి ముప్పై ఒక్క గంటలైంది. మొదటి లెక్క పోలీసులది, రెండోది ఆయన చెల్లెలిది. గోడ గడియారం రెండుంబావు చూపిస్తుండగా సిరాబుడ్డి ఆ రెండో లెక్కనే గుండెల్లో పెట్టుకుని మేడమీది గదిలో అడుగుపెట్టింది.

సిరాబుడ్డి అసలు పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వినపడదు. పాతికేళ్ళపాటు ప్రభుత్వ దస్తూరి పరిశీలన శాఖలో దొంగ సంతకాలు పట్టుకున్న మనిషి. సిరాబుడ్డి అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. రిటైరై ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక కూడా అది ఆమెను వదల్లేదు.

"చిన్నప్పట్నించీ షుగరక్కా మా అన్నయ్యకి. రోజుకి రెండు ఇంజెక్షన్లు," అంది పోస్టుమాస్టరు చెల్లెలు. ఆవిడ నర్సు. నిన్నటి డ్యూటీ బట్టలు ఇంకా మార్చుకోలేదు. "నిన్న పొద్దున ఏడింటికి నేనే చేసి డ్యూటీకి వెళ్ళాను. రెండున్నరకి వచ్చేసరికి మనిషి లేడు. సీసా ఫ్రిజ్‌లోనే ఉంది, సూదులు డబ్బాలోనే ఉన్నాయి. ఇలాంటి కేసులు వార్డులో ఎన్ని చూశానో! ముందు దాహం, తర్వాత వాంతులు, తర్వాత మత్తు. ఇవాళ సాయంత్రం దాటితే..." మాట పూర్తి చెయ్యలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇన్సులిన్ ఏ మందులషాపులోనైనా దొరుకుతుందమ్మా," అన్న గొంతు కిటికీ దగ్గర్నుంచి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. సిరాబుడ్డికి స్వయానా మరిది. ఆమె భర్త పోయాక వాళ్ళిద్దరి మధ్యా మిగిలిన చుట్టరికం కేసుల్లో ఎదురుపడటమే.

"నమస్కారం వదినా. మనిషి పోయాడని మీరంటారు. సరుకుతో సహా పోయాడని నేనంటాను. ఆ మూడో సొరుగు చూడండి."

గది నిండా వెడల్పాటి సొరుగుల బీరువాలు. ఒక్కో సొరుగుమీదా ఒక్కో సోదర సంఘం పేరు, పోస్టుమాస్టరు గుండ్రటి అక్షరాల్లో: తాపీపనివాళ్ళ సంఘం, ఓడ కళాసీల సంఘం, గడియారాలవాళ్ళ సంఘం. ఎప్పుడో మూతపడ్డ సంఘాలు. వాటి సభ్యులు ప్రమాణం చేసి సంతకాలు పెట్టిన పత్రాలను నలభై ఏళ్ళుగా పోగుచేశాడాయన. పెళ్ళీ పెటాకులూ లేని మనిషికి ఆ సంతకాలే బంధువులు. ఆ పత్రాల్లో తలమానికం లాంతరు సంఘం ప్రమాణపత్రం. నూటపదేళ్ళ కిందట గనుల్లో పనిచేసే పద్నాలుగుమంది, ఒకడు పోతే వాడి ఇంటిని మిగతావాళ్ళు చూసుకోవాలని ఒట్టేసుకుని సంతకాలు పెట్టిన కాగితం. ఆ పద్నాలుగుమందిలో ఒకడు తర్వాత దేశమంతా పేరు మోగిన ఇంజనీరయ్యాడు. ఆ ఒక్క సంతకం కోసం సేకర్తలు ప్రాణం పెడతారు.

మూడో సొరుగు ఖాళీగా ఉంది.

"వచ్చేవారం వేలానికి ఇస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టి, అదే రోజు పత్రంతో ఉడాయించాడని వేలం షాపాయన కంప్లయింటు ఇచ్చాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నిన్న పన్నెండూ పది నించి పన్నెండూ నలభై దాకా మీ పోస్టుమాస్టరు ఆ షాపులోనే ఉన్నాడట. అక్కడినించి సరాసరి ఎటో జారుకున్నాడు."

"నువ్వు నమ్మావు."

"కాగితాన్ని నమ్మాను. కాగితాన్ని నమ్మడం నేర్పింది మీరే కదా! బైండరు కేసులో మీ మాట విన్నాను. వాడికి అయిదేళ్ళు పడింది, నాకు ప్రమోషను పడింది."

సిరాబుడ్డి ఖాళీ సొరుగు దగ్గరికి నడిచింది. మూడేళ్ళ కిందట ఒక పుస్తకాల బైండరు ఆ ఇంజనీరు సంతకం ఉన్న ఉత్తరాన్ని అమ్మబోయాడు. ఆమె దాన్ని ఈ ప్రమాణపత్రంలోని సంతకంతో పోల్చి, ఉత్తరం దొంగదని కోర్టులో చెప్పింది. బైండరు బోనులోంచి, "నేను చెయ్యలేదమ్మా, అది పాత పుస్తకం అట్టలో దొరికింది," అని ఆమెనే చూస్తూ అన్నాడు. అలా అనని దొంగ ఉండడని అప్పట్లో అనుకుంది.

ఆమె మోకాళ్ళమీద కూర్చుని నేలకు ముఖం ఆనించినంత పని చేసింది. సొరుగు కింద ఎర్రటి రవ్వలు కనిపించాయి. వేలికి అద్దుకుని వాసన చూసింది.

"లక్క. పత్రం అడుగున లక్క ముద్ర ఉంటుంది. విరిగింది."

"విరిగితే?"

"పోస్టుమాస్టరు ఆ పత్రాన్ని తీస్తే రెండు అట్టల మధ్య పెట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటాడు. ఆ అట్టలు ఇదిగో, బల్లమీదే ఉన్నాయి. పట్టుకెళ్ళినవాళ్ళు దాన్ని నాలుగు మడతలు పెట్టారు. అందుకే ముద్ర విరిగింది. మరిదిగారూ, అమ్ముకునేవాడెవడైనా సరుకుని మడిచి జేబులో పెట్టుకుంటాడా? దొంగయినా పెట్టుకోడు. దాని వెల అక్కర్లేనివాడే అలా మడుస్తాడు."

ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. "వెల అక్కర్లేనివాడు దొంగతనం ఎందుకు చేస్తాడు?"

"దొంగతనమని నువ్వంటున్నావు."

కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒక కుర్చీ పక్కన నేలమీద రూపాయిబిళ్ళంత గుండ్రటి మచ్చలు, వాకిలి దాకా వరసగా. చేతికర్ర అడుగున ఉండే రబ్బరు గుర్తులు. నిన్న ఎవరో పెద్దవయసు మనిషి ఇక్కడ కూర్చున్నాడు. ఎవరై ఉంటారని అడిగితే చెల్లెలు తల అడ్డంగా ఊపింది. పాత కాగితాల కోసం అన్నయ్య దగ్గరికి వచ్చిపోయే ముసలివాళ్ళకి లెక్కలేదంది.

బల్లమీద రిజిస్టరు తెరిచే ఉంది. ఏ పత్రం వచ్చినా, ఏ పత్రం పోయినా పోస్టుమాస్టరు అందులో రాసుకుంటాడు. ఉద్యోగపు అలవాటు చావక, ప్రతి పద్దు పక్కనా తారీఖు ముద్ర కూడా వేస్తాడు. ఆ ముద్రలో గంటలు, నిమిషాలు సైతం చేత్తో తిప్పి పెట్టుకోవాలి. ఆఖరి పద్దు నిన్నటిది. "లాంతరు సంఘం ప్రమాణపత్రం. తిరిగి ఇవ్వడమైనది." ఎవరికి అన్న గడిలో ఒకే మాట ఉంది: "సొంతదారుకు." పక్కన ఊదారంగు ముద్ర.

సిరాబుడ్డి ముద్ర మీదికి భూతద్దం వంచింది. "పన్నెండూ పదిహేను. మీ షాపాయన లెక్క ప్రకారం ఆ టైముకి పోస్టుమాస్టరు ఊరి అవతల కూర్చుని ఒప్పందం మీద సంతకం పెడుతున్నాడు. ఒకే మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు?"

"ముద్ర చేత్తో తిప్పేదేగా? ఎంతకైనా తిప్పచ్చు."

"తిప్పచ్చు. నలభై ఏళ్ళు టపా సంచుల మీద ముద్ర వేసిన మనిషి నిమిషం తేడాగా తిప్పడు."

"అదీ సాక్ష్యమేనా? మీకు నచ్చిన మనిషైతే ముద్ర నిజం చెప్తుంది, నచ్చని మనిషైతే అబద్ధం చెప్తుంది." ఇన్‌స్పెక్టరు టోపీ అందుకున్నాడు. "అయిదింటికి ఫొటో అన్ని స్టేషన్లకీ వెళ్తుంది. పరారీలో ఉన్న నిందితుడని."

"వెతకండి సార్, దొంగనే వెతకండి!" చెల్లెలు ఒక్కసారిగా ఆయన దారికి అడ్డం వెళ్ళింది. "బేడీలే వెయ్యండి, జైల్లోనే పెట్టండి. కానీ ప్రాణంతో పట్టుకోండి. అయిదింటికి కాదు, ఇప్పుడు వెతకండి."

ఇన్‌స్పెక్టరు ముఖం తిప్పుకుని మెట్లు దిగిపోయాడు.

సిరాబుడ్డి గడియారం చూసింది. రెండూ నలభై. "ఇన్సులిన్, నీ షుగరు మిషను, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకో. పద."

వేలం షాపు యజమానిని అందరూ సుత్తి అంటారు. వేలంలో ఆయన కొట్టే సుత్తి ఒక కారణం, నోరు తెరిస్తే ఆపకుండా కొట్టేది ఇంకో కారణం. మూడూ పదికి ఆయన గాజు తలుపుల గదిలో ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా నోరు ఆగలేదు.

"రండి మేడమ్ రండి! ఎంత కష్టం వచ్చిపడిందో చూడండి. కేటలాగు అచ్చయింది, కొనేవాళ్ళకి ఉత్తరాలు వెళ్ళాయి, మీ సర్టిఫికెట్టు కూడా మొదటి పేజీలో వేశాను. ఆరేళ్ళ కిందట మీరు అసలుదని రాసిచ్చింది. ఇప్పుడు పత్రమే లేకపోతే నా పరువు..."

"నిన్న ఆయన ఎక్కడ కూర్చున్నాడు?"

"మీరు కూర్చున్న కుర్చీలోనే."

"ఏ పెన్నుతో సంతకం పెట్టాడు?"

"నా పెన్నుతో. ఇదిగో."

"ఒప్పందం ఇలా ఇవ్వండి. కేటలాగు కూడా. అందులో ఆయన ఇదివరకు మీకు రాసిచ్చిన అంగీకార పత్రం ఫొటో ఉందిగా, సంతకంతో సహా?"

సుత్తి చెయ్యి సొరుగు మీద ఒక్క క్షణం ఆగింది. ఆమె ఆ క్షణాన్ని చూసింది. కాగితాలు రెండూ చేతికి రాగానే లేచి వెళ్ళి, ఒకదానిమీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించింది. వెలుతురులో రెండు సంతకాలూ ఒకే సంతకంలా కలిసిపోయాయి. ఒక్క వంకర కూడా తప్పిపోలేదు.

"మీరు రోజూ సంతకాలు పెడతారు కదండీ. ఎప్పుడైనా రెండు సంతకాలు వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టారా?"

"అలవాటైన చెయ్యి మేడమ్..."

"అలవాటైన చెయ్యి కాబట్టే తేడా వస్తుంది. నడిచే మనిషి అడుగులు రెండు ఒక్కలా పడవు. దిద్దిన చెయ్యే తేడా రానివ్వదు. ఇది కేటలాగు కింద పెట్టి దిద్దింది. ఇక్కడ చూడండి, మధ్యలో పెన్ను ఆగి చుక్క పడింది. భయపడ్డప్పుడు పడే చుక్క."

సుత్తి నుదుటిమీద చెమట పట్టింది. "మేడమ్, మీరు పొరపాటు..."

నర్సు బల్లమీదికి వంగింది. ఆమె గొంతు చాలా మెల్లగా వచ్చింది. "మా అన్నయ్య ఇప్పుడు ఎక్కడో నాలిక పిడచకట్టుకుపోయి పడి ఉంటాడు. ఊపిరి ఎగబీలుస్తుంటాడు. నోట్లోంచి మాగిన పళ్ళ వాసన వస్తుంటుంది. ఆ వాసన వచ్చాక ఎంతమంది బతకలేదో నాకు లెక్క తెలుసు. మీ కేటలాగు మీరే ఉంచుకోండి. ఆయన ఎక్కడున్నాడో చెప్పండి. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయింది. సుత్తి కంగారుగా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వద్దమ్మా, వద్దు! నాకు తెలీదు. ఒట్టు. ఆయన నిన్న నా షాపుకి రాలేదు." మాటలు తడబడ్డాయి. "పన్నెండున్నరకి ఫోను చేశాడు. వేలం లేదు, పత్రం ఇవ్వను అన్నాడు. ఎందుకంటే, సొంతదారు వచ్చాడు, పట్టుకెళ్ళాడు, నేనూ ఆయన వెంటే వెళ్తున్నాను అన్నాడు. నా పేరంతా పోతుందని ఆ సంతకం... నేనే. కంప్లయింటు ఇస్తే పోలీసులే వెతికి తెస్తారు కదా అనుకున్నాను. ఆయన ప్రాణం మీదికి వచ్చిందని తెలిస్తే అలా చేసేవాణ్ణి కాదు."

"సొంతదారు ఎవరు?"

"లాంతరు తాత. ఆ సంఘం ఆఖరి కార్యదర్శి."

"ఆయన పోయి చాలా కాలమైందన్నారే!"

"అందరూ అలాగే అనుకున్నారు. తొంభై దాటాయి. పాత సంఘం హాలు వెనక గదిలో ఒక్కడే ఉంటున్నాడట. ఎవరూ వెళ్ళరు."

టాక్సీలో సిరాబుడ్డి మరిదికి ఫోను చేసింది. "మీ కంప్లయింటుదారు దొంగ సంతకం ఒప్పుకున్నాడు. లాంతరు సంఘం హాలుకి రా. అంబులెన్సు పిలిపించు." అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

హాలు తలుపు ఓరగా తెరిచే ఉంది. టైము మూడూ యాభై. లోపల పొడుగాటి బల్ల, దాని చుట్టూ పద్నాలుగు కుర్చీలు, గోడకి పద్నాలుగు లాంతర్లు. బల్ల చివర ఒక ముసలాయన నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికోసమో మర్యాదగా ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"తాతగారూ, పోస్టుమాస్టరు ఎక్కడ?"

"సోదరుడా? లోపల ఉన్నాడు తల్లీ." హాలు చివర ఉన్న ఇనుప తలుపు వైపు కర్రతో చూపించాడు. "పత్రాల గదిలో. పత్రం సభ్యుల దగ్గరే ఉండాలి కదా. అందుకని ఆయన్ని సభ్యుడిగా చేర్చుకున్నాను. కొత్త సభ్యుడు చీకటి గదిలో ఒక్కడే గంటసేపు కూర్చోవాలి. మా నియమం. నవ్వుతూ వెళ్ళాడు, మంచివాడు."

"గంటసేపా? ఎప్పుడు వెళ్ళాడు?"

ముసలాయన ఆలోచించాడు. "భోజనం తర్వాత. ఇప్పుడే. కాదు... మధ్యలో చీకటి పడింది కదూ?" ముఖంలో ఏదో అలజడి వచ్చి, వెంటనే పోయింది. "నియమాలు చక్కగా నేర్చుకున్నాడు. లోపల్నించి మూడేసి సార్లు తలుపు కొడుతూనే ఉన్నాడు. సభ్యుల గుర్తు అది. కొట్టినప్పుడల్లా నేనూ ఇటునించి మూడు కొట్టాను."

నర్సు నోట్లోంచి కేకలాంటిది వచ్చింది. ఆమె ఇనుప తలుపు మీద పడి రెండు చేతులతో బాదింది. "అన్నయ్యా! అన్నయ్యా!"

"ఇందాకట్నించి కొట్టడం లేదు," అన్నాడు ముసలాయన. "అలిసిపోయినట్టున్నాడు."

తలుపు తాళం వేసి ఉంది. బెత్తెడు మందం ఇనుము. "తాళంచెవి ఎక్కడ తాతగారూ?"

"కార్యదర్శి దగ్గరుంటుంది."

"కార్యదర్శి ఎవరు?"

"నేనే."

"మరి ఎక్కడ పెట్టారు?"

ముసలాయన జేబులు తడుముకున్నాడు. ఒక్కో జేబూ రెండేసిసార్లు తడిమాడు. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పుచేసిన పిల్లాడిలా ఆమెను చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎక్కడో పెట్టాను తల్లీ. భద్రంగా పెట్టాను."

సిరాబుడ్డి ఇక తనే వెతకాలనుకుంది. అరిస్తే ముసలాయన ఇంకా బెదిరిపోతాడు. హాలు నడిమధ్యన నిలబడి చుట్టూ చూసింది. మతిమరుపు మనిషి భద్రంగా పెట్టే చోటు ఏది? చిన్నప్పట్నించీ తెలిసిన చోటు. బల్ల సొరుగు లాగితే ఖాళీ. కుర్చీల కింద ఏమీ లేదు. గోడమీద లాంతర్లన్నీ దుమ్ము పట్టి గుడ్డివై ఉన్నాయి. ఎడమవైపు నుంచి తొమ్మిదో లాంతరు గాజు మీద మాత్రం నాలుగు వేళ్ళ మేర దుమ్ము చెరిగింది. కుర్చీ ఎక్కి లాంతరు దించింది. గాజు లోపల ఒత్తి పక్కన పెద్ద తాళంచెవి ఉంది.

నిన్న ముసలాయన ఎలా తిప్పాడోగాని, తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. నర్సూ ఆమే కలిసి తిప్పినా సగమే తిరిగింది. అప్పుడు వెనకనుంచి ఇంకో చెయ్యి వచ్చి వాళ్ళ చేతులమీద పడింది. ఇన్‌స్పెక్టరు. భుజం ఆనించి తిప్పాడు. తలుపు మూలుగుతూ తెరుచుకుంది.

పోస్టుమాస్టరు గడప దగ్గరే, తలుపుకి చెయ్యి ఆనించిన భంగిమలోనే కూలిపోయి ఉన్నాడు. పిడికిలి వేళ్ళ కణుపులు చితికి రక్తం గడ్డకట్టింది. ఊపిరి ఉంది. కానీ అది పరిగెత్తి వచ్చిన మనిషి ఊపిరిలా పెద్దగా, వేగంగా ఉంది. నర్సు ఏడవలేదు. ఇప్పుడు ఆమె చెల్లెలు కాదు. ఆయన వేలినుంచి రక్తపు చుక్క తీసి మిషనులో పెట్టింది.

"అంకె కూడా చూపించడం లేదు. కొలతకి అందనంత ఎక్కువ ఉందని రాస్తోంది. సెలైన్ కావాలి, ఇప్పుడే. సార్, అంబులెన్సు?"

"జీపు ఉంది. అంబులెన్సు కంటే ముందు వెళ్తుంది." ఇన్‌స్పెక్టరు పోస్టుమాస్టరుని రెండు చేతులమీదా ఎత్తుకున్నాడు. డ్రైవరుకి కేక వేశాడు. నిమిషంలో జీపు సైరనుతో కదిలింది. అన్న తల ఒళ్ళో పెట్టుకుని, నర్సు సూది గుచ్చుతూ ఉండటం సిరాబుడ్డికి ఆఖరుగా కనిపించింది.

ఇన్‌స్పెక్టరుతో కలిసి లోపలికి తిరిగి వచ్చి ఆమె బల్ల దగ్గర కూర్చుంది. పత్రాల గది గుమ్మంలో నాలుగు మడతల ప్రమాణపత్రం పడి ఉంది. ఇన్‌స్పెక్టరు తీసి బల్లమీద పెట్టాడు.

"తప్పు నాదే వదినా," అన్నాడు తల ఎత్తకుండా. "ముద్ర నిజమే చెప్పింది."

ఆమె ఆ మాటకి సంతోషించే స్థితిలో లేదు. చేతులు ఖాళీగా ఉంచలేక పత్రం మడతలు విప్పింది. నాలుగు గంటల ఎండ కిటికీలోంచి దానిమీద ఏటవాలుగా పడింది. ఆరేళ్ళ కిందట ఆఫీసు దీపం కింద ఆమె కాగితాన్ని చూసింది, సిరాని చూసింది, ఇంజనీరు సంతకాన్ని గంటసేపు చూసింది. మిగతా పదమూడు సంతకాల గురించీ ఎవరూ అడగలేదు, ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు పద్నాలుగూ ఒకేసారి కంటికి ఆనాయి.

వంకర్లు వేరు. వాలు వేరు. ఒకటి పెద్దగా, ఒకటి చీమకాళ్ళంత సన్నగా. కానీ ప్రతి సంతకం కిందా ఒక గీత ఉంది. పద్నాలుగు గీతలూ కుడివైపున లావుగా మొదలై ఎడమవైపుకి సన్నబడ్డాయి. ఎడమచేతి వాటం మనిషి గీసే గీత అది. పద్నాలుగుమంది గనికార్మికులూ ఎడమచేతివాళ్ళేనా?

ఆమె మెల్లగా తలెత్తింది. ముసలాయన ఎడమచేత్తో కర్ర పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"బాగా కుదిరాయి కదూ?" అన్నాడు మురిపెంగా. "అసలుది వరదలో పోయింది తల్లీ. నాకప్పుడు పాతికేళ్ళు. హాలు నిండా బురద. పత్రం ముద్దయిపోయింది. సోదరుల పేర్లు పోతే సంఘం పోయినట్టే. పాత తెల్లకాగితం ఒకటి అటకమీద మిగిలింది, సంఘం సిరాబుడ్డి మిగిలింది. గుర్తున్నంతవరకూ నేనే రాశాను. పద్నాలుగూ నేనే పెట్టాను. మోసం కోసం కాదు."

సిరాబుడ్డి వేలు ఇంజనీరు సంతకం మీద ఆగింది.

"నిన్న ఆ సోదరుడికీ చెప్పాను. పాపం, తెల్లబోయాడు. 'అయితే బైండరు సంగతేమిటి?' అన్నాడు. రేపు వెళ్ళి ఎవరితోనో చెప్పాలి, చెప్పాలి అని కూర్చున్నాడు." ముసలాయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఆ బైండరు ఎవరమ్మా?"

సిరాబుడ్డి మరిది వైపు తిరిగింది. దొంగ సంతకాన్ని కొలబద్దగా పెట్టి ఆమె అసలు సంతకాన్ని దొంగదంది. ఆ మాట పట్టుకుని మరిది ఒక మనిషికి బేడీలు వేశాడు. మూడేళ్ళు గడిచిపోయాయి. ఇంకా రెండేళ్ళు ఉన్నాయి. "పాత పుస్తకం అట్టలో దొరికింది," అని అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఫోను మోగింది. నర్సు. "సెలైన్ ఎక్కుతోందక్కా. గుండె నిలకడగానే కొట్టుకుంటోంది అంటున్నారు. కళ్ళు తెరవలేదు. రాత్రి గడిస్తేగాని ఏమీ చెప్పలేమంటున్నారు." ఆమె ఇప్పుడు ఏడుస్తోంది.

సిరాబుడ్డి ఫోను పెట్టేసి సంచిలోంచి నోటుబుక్కు తీసింది. పోస్టుమాస్టరు లేస్తాడో లేదో దేవుడికే తెలియాలి. ఈ మాట తెలిసిన ఇంకో మనిషి ఎదురుగా ఉన్నాడు. కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుంది.

"తాతగారూ, ఇంకొక్కసారి చెప్పండి. నెమ్మదిగా. నేను రాసుకుంటాను. ఈ సంతకాలు ఎవరు పెట్టారు?"

ముసలాయన పత్రం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చిన్నగా, ఎంతో మర్యాదగా నవ్వాడు.

"ఏ సంతకాలు తల్లీ? ఎవరమ్మా నువ్వు? హాలు చూడ్డానికి వచ్చావా?"

వెనక ఇన్‌స్పెక్టరు గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ఆయన బల్లమీది పత్రాన్ని మళ్ళీ మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"మీరూ నేనూ ఏమీ వినలేదు వదినా. ఆయనకి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలీదు. ఈ మాట బయటికెళితే ఒక్క బైండరుతో ఆగదు. పాతికేళ్ళలో మీరు చెప్పిన సాక్ష్యంతో లోపలికెళ్ళిన ప్రతివాడూ కోర్టుకెక్కుతాడు. వాళ్ళలో ఎంతమంది నిజంగా దొంగలో ఆలోచించండి. మీ పేరుతో పాటు, పోయిన మా అన్నయ్య పేరు కూడా బజారున పడుతుంది."

ఆమె పెన్ను మూత తీసింది. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, పైన తన అసలు పేరు రాసింది. దానికింద "బైండరు కేసులో నేను ఇచ్చిన సాక్ష్యం తప్పు" అని మొదలుపెట్టింది.

బూట్ల చప్పుడు వాకిలి దాకా వెళ్ళింది. హాలు తలుపు మూసుకుంది. లోపలి గడియ పడింది.

"పెన్ను కింద పెట్టండి వదినా," అన్నాడు మరిది. ఆ గొంతులో ఈసారి వెటకారం లేదు. భయం ఉంది, ఏం చెయ్యడానికైనా సిద్ధపడ్డ తెగింపు ఉంది.

ఆమె తలెత్తకుండా ఆఖరి వాక్యం దాకా రాసింది. కింద సంతకం పెట్టి తారీఖు వేసింది. తర్వాత కుర్చీ జరుపుకుని, ముసలాయనకీ మరిదికీ మధ్య నిలబడింది.

"ఇప్పుడు చెప్పు," అంది.